కవర్స్ బ్యాండ్‌లో బేస్: ఎక్కడ అచ్చు దించాలి, ఎక్కడ సొంతంగా వాయించాలి

వేరేవాళ్ల పాటలు వాయించే కవర్స్ బ్యాండ్‌లో బేస్ వాయించే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రిహార్సల్‌లో ఈ తగాదా తప్పదు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు వాయించమని గిటారిస్ట్ అంటాడు. జిరాక్స్ కాపీ ఎందుకు, ఫీల్ వస్తే చాలదా అని డ్రమ్మర్ అంటాడు. మధ్యలో బేసిస్ట్ నలిగిపోతాడు. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతుంది.

అసలు ఇది అందరూ కూర్చుని ఓటేసి తేల్చుకునే విషయమే కాదని నా అభిప్రాయం. ఒక పాటలో బేసిస్ట్‌కి ఎంత స్వేచ్ఛ ఉందో ఆ రికార్డింగే చెబుతుంది. కొన్ని పాటలు ఒక్క స్వరం కూడా కదపనివ్వవు. కొన్ని పాటల్లో అసలు బేసిస్టే రెండో చరణానికి మొదటి చరణం వాయింపు మరిచిపోయినట్టు వాయించి ఉంటాడు. ఈ రెండిటికీ ఒకే రూల్ పెడితే సగం పాటలు చెడతాయి. కాబట్టి ముందు రికార్డు ఏం చెబుతోందో వినడం, తర్వాత దాన్ని మన బ్యాండ్‌కి సరిపడేలా తేల్చుకోవడం అనే వరుసలో వెళ్దాం. మామూలు శ్రుతిలో (ఇ, ఎ, డి, జి) నాలుగు తీగల బేస్ ఉండి, రూట్, ఫిఫ్త్, ఆక్టేవ్ అంటే ఏమిటో తెలిస్తే ఈ మార్గదర్శి మొత్తం ఉపయోగపడుతుంది.

1. ముందు బ్యాండ్ ఏ రకమో తేల్చుకోండి

దీనికి ఎక్కువ సమయం పట్టదు. ఒకే కళాకారుడి పాటలు వాయించే ట్రిబ్యూట్ బ్యాండ్ అయితే చర్చే లేదు. వచ్చినవాళ్లు రికార్డు వినడానికే వచ్చారు, కాబట్టి స్వరం, టోన్, వీలైతే వాద్యం కూడా అదే ఉండాలి. జనాన్ని డాన్స్ చేయించే పార్టీ బ్యాండ్ అయితే గ్రూవ్ ఆగకపోవడమే ముఖ్యం, వివరాలు ఆ తర్వాత. పాటలను తిరగరాసి అకూస్టిక్‌గానో, ఫంక్‌గానో మార్చి వాయించే బ్యాండ్ అయితే అసలు లైన్ ముడిసరుకు మాత్రమే. మీది ఈ మూడింట్లో ఏదో అందరూ ఒకసారి నోరు తెరిచి చెప్పుకోండి. బేస్ గురించి వచ్చే గొడవల్లో చాలా భాగం ఒక్కొక్కరి తలలో ఒక్కో రకం బ్యాండ్ ఉండటం వల్ల వచ్చేవే.

ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా రెండో రకం బ్యాండ్ గురించి. చిక్కంతా అక్కడే ఉంది.

2. పాటలను మూడు గుంపులు చేయండి

సెట్‌లిస్ట్ ముందు పెట్టుకుని ప్రతి పాటకూ మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది కూనిరాగం పరీక్ష. బేస్ వాయించని ఒక స్నేహితుడికి పాట పేరు చెప్పి, సంగీతం ఎలా మొదలవుతుందో నోటితో అనమనండి. అతని నోట వచ్చింది బేస్‌లైనే అయితే ఆ లైన్ మీది కాదు, వినేవాళ్లది. దాని జోలికి వెళ్లకండి. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' (1982 ఆల్బమ్‌లోది) ఇలాంటిదే. లూయిస్ జాన్సన్ వాయించిన ఆ ఎనిమిది స్వరాల చుట్టు మొదలైతే చాలు, గాయకుడు నోరు తెరవకముందే జనం పాటను గుర్తుపట్టేస్తారు.

రెండోది చరణాల పరీక్ష. నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది దీన్నే. రికార్డులో మొదటి చరణంలో ఎనిమిది బార్లు, రెండో చరణంలో అవే ఎనిమిది బార్లు తీసుకుని పక్కపక్కన పెట్టి వినండి. రెండూ ఒకేలా ఉంటే ఆ లైన్‌ని ఎవరో కూర్చి పెట్టారు, అది పాట నిర్మాణంలో భాగం. తేడాలు వినిపిస్తే అది కూర్చిన లైన్ కాదు, స్టూడియోలో ఆ క్షణాన ఒకరు చేసిన వాయింపు. మోటౌన్ కంపెనీ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ వాయించినవి రెండో రకానికి మంచి ఉదాహరణ. మార్విన్ గే 1971 పాట 'వాట్స్ గోయింగ్ ఆన్' వినండి. కార్డ్స్ అవే తిరుగుతుంటాయి, బేస్ మాత్రం తిరిగినప్పుడల్లా కొత్త దారి పడుతుంది. ఆయన మనోధర్మాన్ని స్వరం స్వరం బట్టీ పట్టి ఒప్పజెప్పడం మంచి సాధనే. స్టేజి మీద దాన్ని అదే వరుసలో ఒప్పజెప్పాలని మాత్రం ఎక్కడా లేదు.

మూడోది లైవ్ పరీక్ష. అసలు బ్యాండ్ అదే పాటను వేర్వేరు కచేరీల్లో వాయించిన రికార్డింగులు రెండో మూడో వినండి. ఆ పాట పుట్టించిన బేసిస్ట్ స్టేజి మీద ఏం వదిలేస్తున్నాడు, ఏం వదలడం లేదు? ఆయన ఎప్పుడూ వదలనివి మీరూ వదలకండి. ఆయనే మార్చేస్తున్నవాటి గురించి మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఈ మూడు పరీక్షలయ్యాక ప్రతి పాట పక్కనా ఒక గుర్తు పెట్టండి: ముట్టుకోకూడనిది, సగం సగం, మన ఇష్టం. సాధారణంగా మధ్య గుంపే పెద్దదవుతుంది. ఇంట్రోలోనో కోరస్‌లోనో ఒక హుక్ (చెవిలో నిలిచిపోయే ముక్క), మిగతా అంతా కార్డ్‌ని మోసే మామూలు బేస్, ఇదే ఎక్కువ పాటల తీరు. అలాంటి పాటలకు గుర్తు పాట మొత్తానికి కాకుండా భాగం వారీగా పెట్టండి. ఇంట్రో ముట్టుకోకూడనిది, చరణం మన ఇష్టం, ఇలా.

3. మార్చబోయే లైన్ అయినా ముందు పూర్తిగా నేర్చుకోండి

ఈ మెట్టు ఎగ్గొట్టాలని అందరికీ ఉంటుంది. "ఎలాగూ మార్చేస్తాం కదా" అంటారు. అసలు లైన్ తెలియకుండా చేసే మార్పు మార్పు కాదు, ఊహించి వాయించడం. అది వినేవాళ్లకి తెలియకపోవచ్చు, తోటి వాద్యగాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

నేర్చుకునే పద్ధతి ఇది. నాలుగు బార్లు లూప్‌లో పెట్టి వేగం 70 శాతానికి తగ్గించండి. బేస్ స్వరాలు మరీ కింద ఉండి చెవికి అందకపోతే శ్రుతి మార్చే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పాటను ఒక ఆక్టేవ్ పైకి ఎత్తి వినండి. కింద బురదలా వినిపించింది పైన శుభ్రంగా విడిపోతుంది. వాద్యాలను వేరుచేసే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటితో బేస్‌ని ఒంటరిగా వినొచ్చు. అయితే అవి కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) తోకను బేస్‌లోకి, బేస్ తొలి చిటుకును డ్రమ్స్‌లోకి కలిపేస్తుంటాయి. అందుకే చివరి మాట మామూలు రికార్డుదే. ఇంటర్నెట్‌లో దొరికే ట్యాబ్‌లను (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని చూపే రాతలను) ఒక దారి చూపే బోర్డులా వాడుకోండి, నమ్మకండి. స్వరం సరిగానే ఉండి ఫ్రెట్ తప్పుగా ఉండటం వాటిలో మామూలే. ఇ తీగ మీద 8వ ఫ్రెట్‌లో వాయించిన సి, ఎ తీగ మీద 3వ ఫ్రెట్‌లో వాయించిన సి ఒకే స్వరం, కానీ మొదటిది గుండ్రంగా, రెండోది కాస్త కరుకుగా పలుకుతుంది.

వాయించే ముందు పాడండి. నోటితో లైన్ తప్పు లేకుండా రావడం లేదంటే అది ఇంకా వేళ్లకే తెలుసు, మీకు తెలియదు. టెన్షన్‌లో వేళ్లు మరిచిపోతాయి.

4. స్వరం ఎక్కడ ఆగుతుందో వినండి

బేస్‌లైన్ దించినవాళ్లు ఎక్కువగా తప్పేది స్వరంలో కాదు, స్వరం పొడవులో. ఏ స్వరం, ఏ బీట్ మీద మొదలు, ఇవి రెండూ అందరూ పట్టుకుంటారు. ఎక్కడ ఆగిందన్నది వదిలేస్తారు.

క్వీన్ 1980 పాట 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్'లో జాన్ డీకన్ లైన్ తీసుకోండి. వరుసగా మూడు ఇ స్వరాలు, తర్వాత ఖాళీ. పాట వేగం నిమిషానికి దాదాపు 110 బీట్లు, అంటే ఒక్కో బీట్‌కి అర సెకను పైచిలుకు. ఆ మూడు ఇ స్వరాల్లో ఏదీ తన అర సెకనూ పూర్తిగా మోగదు. ప్రతిదాని తర్వాతా చిన్న గాలి ఉంటుంది. మూడోదాని తర్వాత నిజమైన నిశ్శబ్దం. ఆ లైన్ బలమంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఇప్పుడు బేస్ మీద చూడండి. ఆ ఇ ఖాళీ తీగ. ఫ్రెట్ మీద వేలు ఎత్తి ఆపుదామంటే ఎత్తడానికి వేలే లేదు, వదిలేస్తే మోగుతూనే ఉంటుంది. కాబట్టి ఎడమచేతి వేళ్లను, కనీసం రెండు వేళ్లను, నొక్కకుండా తీగ మీద వాల్చి ఆపాలి. ఒక్క వేలే వాల్చితే కొన్ని చోట్ల హార్మోనిక్ పలికి ఈల వేసినట్టవుతుంది. మీటడం, వాల్చడం, మీటడం, వాల్చడం, ఇది తాళంలో పడేదాకా మెట్రొనోమ్‌తో మెల్లగా చేయండి. ఆపడాన్ని కూడా ఒక స్వరంలా లెక్కపెట్టండి. స్నేర్ పడే బీట్ దగ్గర మీ స్వరం తెగిందా లేక స్నేర్ మీదికి పాకిందా అన్నది ప్రత్యేకంగా చూసుకోండి. స్నేర్‌కి దారిచ్చి తెగిన బేస్ ఒక్కటే బ్యాండ్ మొత్తాన్ని బిగుతుగా వినిపిస్తుంది.

ఈ ఒక్కటి పట్టుబడితే మిగతా నిర్ణయాలు సులువవుతాయి. స్వరాలు అక్కడక్కడా మారినా పొడవులు, ఖాళీలు అసలు పాటవే ఉంటే వినేవాళ్లకి అది ఆ పాటే. స్వరాలన్నీ కరెక్టుగా ఉండి పొడవులు పోతే ఏదో తేడాగా ఉందంటారు, ఏమిటో చెప్పలేరు.

5. టోన్ కూడా లైన్‌లో భాగమే

జేమర్సన్ ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడు. ఆయన ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జ్ కవర్ కింద స్పాంజి ఉండేవి. అందుకే ఆ స్వరాలు దుమ్‌మని పుట్టి త్వరగా ఆరిపోతాయి. కొత్త మెరుపు తీగలతో, ట్రెబుల్ పూర్తిగా తిప్పి అవే స్వరాలు దించితే కాగితం మీద సరిపోతుందేమో, చెవికి సరిపోదు. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క పెట్టి, టోన్ నాబ్ తగ్గించి సగం స్వరాలే వాయించండి. అసలు పాటకు ఎక్కువ దగ్గరగా ఉంటుంది.

పిక్‌తో వాయించిన పాటను పిక్‌తోనే ప్రయత్నించండి. సెట్ మధ్యలో బేస్ మార్చడం కుదరదు కాబట్టి పిక్, వేళ్లు, అరచేతి అంచుతో తీగలు అదిమి మీటడం, ఈ మూడింటితోనే చాలావరకు నెట్టుకురావచ్చు. పెడల్స్ కొనడం ఆ తర్వాత ఆలోచించండి.

6. సొంతంగా వాయించేటప్పుడు కూడా కదపకూడనివి

"మన ఇష్టం" అని గుర్తు పెట్టిన భాగాల్లోనూ కొన్ని మేకులు ఉంటాయి. అవి పీకితే పాట జారుతుంది.

కార్డ్ మారిన మొదటి బీట్ మీద రికార్డులో రూట్ ఉంటే రూటే ఉండాలి. రూట్ కాని స్వరం ఉంటే, అదే ఉండాలి. ఈ రెండో మాటను చాలామంది పట్టించుకోరు. జి, డి, ఇ మైనర్ కార్డ్స్‌లో అసలు బేస్ జి, ఎఫ్ షార్ప్, ఇ అని మెట్లు దిగుతుంటే, కార్డ్ షీట్‌లో "డి" అని ఉంది కదా అని మీరు డి వాయిస్తే మెట్టు విరిగిపోతుంది. గాయకుడికి కూడా ఏదో తన్నినట్టుంటుంది. అసలు లైన్‌లో లేని చోట కార్డ్ మూడో స్వరాన్ని కింద పెట్టడమూ అంతే. జి కార్డ్ కింద బి పెడితే కార్డ్ రంగే మారిపోతుంది. కీబోర్డిస్ట్‌తో మాట్లాడుకోకుండా చేయకండి.

బ్యాండ్ అంతా కలిసి కొట్టే హిట్లు, ఒక్కసారిగా ఆగే చోట్లు, కోరస్‌లోకి తీసుకెళ్లే పికప్, ముగింపు కూడా మేకులే. చరణంలో మీరు ఎన్ని చిత్రాలు చేసినా కోరస్ ముందు ఆ రెండు బీట్లు రికార్డులోలాగే ఉండాలి. గాయకుడు ఊపిరి తీసుకునేది ఆ సైగ విన్నాకే.

ఇక కిక్ డ్రమ్. అసలు బేస్ కిక్‌తో కలిసి నడుస్తోందా, కిక్ ఖాళీల్లో నడుస్తోందా అన్నది గమనించి ఆ సంబంధాన్ని అలాగే ఉంచండి. స్వరాలు మారినా ఆ జోడీ చెదరకపోతే పాట నడక చెదరదు.

7. మార్పులు ఈ వరుసలో చేయండి

ఒకేసారి అన్నీ కలిపేయకుండా చిన్న మార్పు నుంచి పెద్ద మార్పుకి వెళ్లండి. జి, ఇ మైనర్, సి, డి, ఒక్కో బార్‌కి ఒక్కో కార్డ్ అనుకుందాం. అసలు లైన్ ఒట్టి రూట్లే, ఒకటో బీట్ మీద, మూడో బీట్ మీద.

మొదట పొడవు మార్చండి. మొదటి చరణంలో కురచగా తెంచిన స్వరాలు, రెండో చరణంలో నిండుగా సాగదీసినవి. స్వరం ఒక్కటీ మారలేదు, అయినా పాట పెరిగినట్టుంటుంది. చాలా పాటలకు ఇంతకుమించి అవసరం రాదు.

తర్వాత దారి స్వరాలు. బార్ చివరి అర బీట్‌లో, తర్వాత వచ్చే కార్డ్‌కి ఒక మెట్టు దూరంలోని స్వరం పెట్టండి. జి నుంచి ఇ కి వెళ్లేటప్పుడు పై నుంచి ఎఫ్ షార్ప్ గానీ, కింది నుంచి డి షార్ప్ గానీ. ఇ నుంచి సి కి బి. సి నుంచి డి కి సి షార్ప్. డి నుంచి జి కి ఎఫ్ షార్ప్. వీటిలో డి షార్ప్, సి షార్ప్ ఆ స్కేల్ బయటివి. అర బీట్‌లో గడిచిపోతాయి కాబట్టి రుచిగానే ఉంటాయి. అయితే గాయకుడు సరిగ్గా అక్కడే డి స్వరాన్ని పట్టుకుని నిలబడితే డి షార్ప్ దాన్ని గీరుతుంది, అక్కడ ఎఫ్ షార్ప్ మేలు. మెలొడీ తెలియకుండా దారి స్వరాలు పెట్టొద్దనడానికి కారణం ఇదే. నాలుగు మార్పులకూ నాలుగు దారి స్వరాలు పెడితే వ్యాయామంలా వినిపిస్తుంది, ఒకటి రెండు చాలు.

ఆ తర్వాత ఫిఫ్త్, ఆక్టేవ్. మూడో బీట్ రూట్‌ని అప్పుడప్పుడూ ఫిఫ్త్‌గా మార్చొచ్చు. ఆక్టేవ్ పైకి వెళ్లడం అంటే కింద నేల తీసేయడమే. చివరి కోరస్ ముందు ఒక్కసారి అలా తీసి, కోరస్ మొదటి బీట్ మీద కింది ఆక్టేవ్‌కి దిగితే వినేవాళ్లకి బ్యాండ్ రెట్టింపు అయినట్టుంటుంది. ప్రతి కోరస్‌కీ చేస్తే ఏమీ అనిపించదు.

రిథమ్ మార్పు చివరికి ఉంచుకోండి, అది డ్రమ్మర్ ఒప్పుకుంటేనే. బీట్ బీట్‌కి పడే లైన్‌ని అర బీట్ల పరుగుగా మార్చడం మీ ఒక్కరి నిర్ణయం కాదు. హై-హ్యాట్ కూడా మారాల్సి వస్తుంది.

అన్నిటికన్నా కష్టమైనది ఏమీ మార్చకపోవడం. యూ2 1987 పాట 'విత్ ఆర్ వితౌట్ యూ'లో ఆడమ్ క్లేటన్ బేస్ దాదాపు పాటంతా డి, ఎ, బి, జి అన్న నాలుగు స్వరాల చుట్టే తిరుగుతుంది. అలాంటి పాటలో రెండో నిమిషానికల్లా వేళ్లు దురద పెడతాయి. ఆ పాటలో పెరుగుదలంతా గొంతు, గిటార్, డ్రమ్స్ చూసుకుంటాయి. కింద బేస్ కదలకుండా ఉంది కాబట్టే అది పెరుగుదలగా తెలుస్తుంది. దురదను మీటే బలంలోకి మళ్లించండి. మొదట్లో మెల్లగా, చివరికి గట్టిగా, అవే స్వరాలు.

8. ఫిల్స్

ఫిల్‌కి (ఖాళీలో వేసే చిన్న అలంకారపు ముక్కకి) చోటు గాయకుడు ఆగిన చోట మాత్రమే. అక్కడ కూడా ముందు డ్రమ్మర్ వైపు చూడండి. ఇద్దరూ ఒకే బార్‌లో ఫిల్ వేస్తే తాళం పట్టుకునేవాళ్లు ఎవరూ మిగలరు. ఎనిమిది బార్ల చివర డ్రమ్మర్‌ది, పదహారు బార్ల చివర నాది, ఇలా ఒక మాట అనుకుంటే సరిపోతుంది. రికార్డులో పేరున్న ఫిల్ ఏదైనా ఉంటే దాన్ని అచ్చంగా వాయించి, మీ సొంతవి తగ్గించుకోండి. ఆ ఒక్కటి సరిగా పడితే మొత్తం లైన్ దించారనే జనం అనుకుంటారు. ఇందులో కొంచెం మోసం ఉంది, నిజమే.

ఫిల్ ఎంత బాగున్నా తర్వాతి బార్ మొదటి బీట్ ఆలస్యమైతే అది వృథా. సందేహంగా ఉంటే చివరి రెండు స్వరాలు మింగేసి ఒకటి మీద దిగండి.

9. అచ్చు దించడం కుదరని పాటలు

కొన్ని పాటలు దించుదామన్నా దిగవు. కారణం ఏమిటో తెలిస్తే దారి కూడా తెలుస్తుంది.

వాయించింది బేసే కాకపోవచ్చు. వైట్ స్ట్రైప్స్ 2003 పాట 'సెవెన్ నేషన్ ఆర్మీ'లో అందరూ బేస్ అనుకునేది నిజానికి గిటార్. జాక్ వైట్ దాన్ని పెడల్‌తో ఒక ఆక్టేవ్ కిందికి దించాడు. మన బ్యాండ్‌లో ఆ రిఫ్ ఎవరిదో ముందే తేల్చుకోవాలి. మొదటిసారి బేస్ ఒంటరిగా, కోరస్‌లో గిటార్ కూడా తోడవ్వడం పని చేస్తుంది. స్టీవీ వండర్ 1972 పాట 'సూపర్‌స్టిషన్'లో బేస్ ఆయనే సింథ్ మీద వాయించినది. కీ వదలగానే స్వరం తెగుతుంది, తీగకు ఉండే తోక ఉండదు. బేస్ గిటార్ మీద వాయించేటప్పుడు పైన 4వ భాగంలో చెప్పిన ఆపే పని అంతా ఇక్కడ పనికొస్తుంది.

రెండు బేస్‌లు ఉండొచ్చు. లూ రీడ్ 1972 పాట 'వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్'లో హెర్బీ ఫ్లవర్స్ డబుల్ బేస్ మీద ఒక లైన్ వాయించి, దానికి పదో స్వరం ఎత్తులో ఎలక్ట్రిక్ బేస్ మీద ఇంకొకటి కలిపాడు. ఒక్క బేస్‌తో దగ్గరకు రావాలంటే రెండు తీగలు కలిపి మీటండి. ఇ తీగ 8వ ఫ్రెట్‌లో సి, జి తీగ 9వ ఫ్రెట్‌లో ఇ, బొటనవేలితో కిందిది, చూపుడు వేలితో పైది. రెండూ అలాగే జారి 13, 14 ఫ్రెట్లకు చేరితే ఎఫ్, ఎ. జారుడు వినిపించాలి, అక్కడ అదే ముఖ్యం.

మనిషి చేతితో సాధ్యం కానివీ ఉన్నాయి. పాల్ సైమన్ 1986 పాట 'యూ కెన్ కాల్ మీ అల్'లో బకితి కుమాలో బేస్ పరుగు రెండో సగం, మొదటి సగం టేపునే వెనక్కి తిప్పి అతికించినది. స్వరాలు నేర్చుకుని వాయించొచ్చు, చాలామంది వాయిస్తారు. వెనక్కి తిప్పిన ఆ శబ్దం మాత్రం రాదు, రాలేదని బాధపడనవసరమూ లేదు.

అసలు బేసే లేని పాటలూ ఉన్నాయి. ప్రిన్స్ 1984 హిట్ 'వెన్ డవ్స్ క్రై' అలాంటిదే. అక్కడ విశ్వాసంగా ఉండటమంటే చేతులు కట్టుకుని నిలబడటమే. చరణాలు పూర్తిగా వదిలేసి, డాన్స్ ఫ్లోర్ పల్చబడుతోందనిపిస్తే చివర్లో కిక్‌తో కలిసి రూట్లు మాత్రం కలపండి. నాకైతే మొత్తం వదిలేయడమే ఇష్టం, కానీ దానికి డ్రమ్మర్ గట్టివాడై ఉండాలి.

ఇంకో సమస్య శ్రుతి. గాయకుడి గొంతుకోసం ఇ లో ఉన్న పాటను డి కి దించారనుకోండి. నాలుగు తీగల బేస్‌లో ఇ (41 హెర్ట్జ్ చిల్లర) కంటే కిందికి స్వరం లేదు. లైన్‌ని ఆక్టేవ్ పైకి ఎత్తితే బరువు పోతుంది. ఇ తీగ ఒక్కటే డి కి దించి, ఆ తీగ మీది స్వరాలను రెండు ఫ్రెట్లు పైన పట్టుకోవడం చవకైన దారి. అలాంటి పాటలు సెట్‌లో పక్కపక్కనే ఉండేలా చూసుకుంటే మాటిమాటికీ తీగ తిప్పే పని ఉండదు. నాలుగైదు పాటలుంటే ఐదు తీగల బేస్ గురించి ఆలోచించొచ్చు.

బ్యాండ్‌లో ఎంతమంది ఉన్నారన్నదీ లెక్కే. రికార్డులో రెండు గిటార్లు, కీబోర్డు ఉండి, మీ దగ్గర ఒక్క గిటారే ఉంటే, సోలో మొదలవగానే కింద బోలుగా అయిపోతుంది. అక్కడ అసలు లైన్‌కి విశ్వాసంగా ఉండి లాభం లేదు. స్వరాలు నిండుగా సాగదీయండి, ఖాళీలు అర బీట్లతో పూడ్చండి, కొంచెం ఓవర్‌డ్రైవ్ కలపండి. దీనికి తిరగేసి, కీబోర్డిస్ట్ ఎడమ చెయ్యి మీ ఇలాకాలో తిరుగుతుంటే మీరు ఎంత శుభ్రంగా దించినా బురదే. ఆ చెయ్యి ఒక ఆక్టేవ్ పైకి జరపమని మర్యాదగా అడగండి.

గోడలు మోగే పెద్ద హాల్లో పదహారో వంతు స్వరాల లైన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి మూలుగులా వినిపిస్తాయి. సౌండ్‌చెక్‌లో హాల్ మధ్యలోకి ఎవరినైనా పంపి విననివ్వండి. స్వరాలు విడివిడిగా రావడం లేదని చెబితే ఆ రాత్రికి సగం స్వరాలు తీసేసి, ఉన్నవాటిని కురచగా తెంచండి.

10. రిహార్సల్‌లో తేల్చాల్సినవి

డ్రమ్మర్‌తో విడిగా, మిగతావాళ్లు రాకముందు ఒక గంట కూర్చోండి. "ఆ కోరస్‌లో నువ్వేదో కొత్తగా వేస్తున్నావు బ్రో, నా కిక్ దానికి తగలట్లేదు" అని అతను ఈ గంటలో చెబితే అది సలహా. అదే మాట అందరి ముందు వస్తే గొడవ అవుతుంది.

రిహార్సల్‌ని ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. వాయించేటప్పుడు గొప్పగా అనిపించిన ఫిల్స్‌లో సగం మర్నాడు మీరే తీసేస్తారు. విన్నాక కాగితం మీద పాటకు మూడు నాలుగు లైన్లకు మించకుండా రాసుకోండి: మేకులు ఎక్కడ, రూట్ కాని బేస్ స్వరాలు ఎక్కడ, ఫిల్ ఎవరిది, ముగింపు ఎలా. మొత్తం నొటేషన్ రాసుకుంటే స్టేజి మీద కళ్లు కాగితానికే అతుక్కుంటాయి.

గిటారిస్ట్ "రికార్డులో అలా లేదు" అంటే వాదించకుండా ఒకసారి రికార్డు పెట్టి అందరూ వినండి. తర్వాత రెండు రకాలుగానూ వాయించి, గాయకుడిని అడగండి. పాట మోసేది తనే కాబట్టి ఏది కాళ్ల కింద గట్టిగా ఉందో తనకే తెలుస్తుంది.

11. స్టేజి మీద

మొదటి రెండు పాటలు కాగితం మీద ఉన్నట్టే వాయించండి. హాల్ శబ్దం ఎలా ఉందో, మానిటర్‌లో కిక్ వినిపిస్తోందో లేదో తెలిసేదాకా ప్రయోగాలు వద్దు.

లైన్ మరిచిపోతే రూట్ మీదికి వచ్చేయండి, కిక్‌తో కలవండి, తల ఎత్తి ఉంచండి. ఒకటో బీట్ మీద రూట్ సరైన పొడవులో పడుతున్నంతసేపూ వినేవాళ్లలో ఎవరూ తల తిప్పరు. తప్పు స్వరం తగిలితే దాని మీద ఆగకండి, ఒక ఫ్రెట్ పైకో కిందికో జారితే చాలాసార్లు సరైన స్వరమే దొరుకుతుంది. గాయకుడు ఒక చరణం ఎగిరి కోరస్‌కి దూకితే అతనితో పాటు మీరే ముందు దూకాలి. బేస్ ఏ కార్డ్ మీద దిగితే మిగతావాళ్లు అక్కడికే వస్తారు.

జనం డాన్స్‌లో మునిగి పాట సాగదీయాల్సి వచ్చినప్పుడు అసలు స్వేచ్ఛ దొరుకుతుంది. అప్పుడు కూడా హుక్‌ని మొత్తం వదలకండి. నాలుగు సార్లు హుక్, నాలుగు సార్లు మీ ఇష్టం, మళ్లీ హుక్. వెనక్కి రావడానికి ఇల్లు ఉంటేనే షికారు బాగుంటుంది.

చివరగా, వేరే బ్యాండ్‌లో రాలేకపోయిన బేసిస్ట్ బదులు ఒక్క రాత్రికి వాయించడానికి వెళితే సొంత వాయింపు ఇంట్లో పెట్టి వెళ్లండి. వాళ్ల చెవులు వాళ్ల బేసిస్ట్‌కి అలవాటు పడి ఉంటాయి, మీ అభిరుచిని పరిచయం చేసుకునే సమయం వాళ్లకు లేదు. ముందుగా సెట్‌లిస్ట్, ఏ పాట ఏ శ్రుతిలో, రికార్డుకు భిన్నంగా ముగించే పాటలేవి, ఈ మూడూ అడిగి తెచ్చుకోండి. సమయం తక్కువైతే హుక్ ఉన్న పాటలకే ఇవ్వండి. మిగతావాటికి కార్డ్స్, హిట్లు, ఆగే చోట్లు తెలిస్తే చాలు. స్టేజి మీద గిటారిస్ట్ ఎడమచెయ్యి కనిపించే చోట, డ్రమ్మర్ కిక్ పెడల్‌కి దగ్గరగా నిలబడండి.